నలభై దాటాక మెదడును కాపాడుకోవడం: విశాఖవాసులకు డిమెన్షియా ముప్పు తగ్గించుకునే మార్గదర్శి

పెదవాల్తేరులోని మా వంటింట్లో ఒక సాయంత్రం అమ్మ పోపుల డబ్బా మూత తీసి అలాగే నిలబడిపోయింది. మూకుట్లో నూనె పొగలు కక్కుతోంది. ఆమె చేయి ముందు జీలకర్ర మీదికి వెళ్లింది, అక్కడి నుంచి మెంతుల మీదికి, తరువాత ఎండుమిరపకాయల మీదికి వెళ్లి వెనక్కి వచ్చేసింది. యాభై ఏళ్లపాటు ఎవరితోనో మాట్లాడుతూనే పెట్టిన పోపు అది. ముందు ఆవాలు వేయాలన్న సంగతి ఆ రోజు ఆమె చేతికి అందలేదు. నేను స్టవ్ కట్టేసి, "అలసిపోయావమ్మా, నేను పెడతాను" అన్నాను. వయసు మీద పడుతోంది, మతిమరుపు మామూలే అనుకున్నాం. అది డిమెన్షియా అని తెలియడానికి మరో రెండేళ్లు పట్టింది.

అమ్మను చూసుకున్న ఏళ్లలో డాక్టర్లను అడిగి, చదివి తెలుసుకున్నవీ, ఇప్పుడు మా ఇంట్లో అందరం పాటిస్తున్నవీ ఒక వరుసలో పెట్టి రాస్తున్నాను. వరుస అనడానికి కారణం ఉంది. డిమెన్షియా అనగానే చాలామంది గళ్లనుడికట్లతోనో, జ్ఞాపకశక్తి మాత్రలతోనో మొదలుపెడతారు. అసలు మొదలుపెట్టవలసింది రక్తపోటుతో, చెవులతో.

ముందుగా తెలుసుకోవలసినవి

డిమెన్షియా ఒకే జబ్బు పేరు కాదు. జ్ఞాపకం, మాట, ఆలోచన, నిర్ణయం, ఇవన్నీ రోజువారీ బతుకు నడవలేనంతగా దెబ్బతినే స్థితికి ఆ పేరు. దానికి కారణాలు చాలా ఉన్నాయి. ఆల్జీమర్స్ వాటిలో ఎక్కువగా కనిపించేది. మెదడు రక్తనాళాలు దెబ్బతినడం వల్ల వచ్చేది మరొకటి. పెద్ద వయసులో ఈ రెండూ కలిసి ఉండటం మామూలే. మన దేశంలో అరవై దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన జాతీయ స్థాయి అధ్యయనం అంచనా వేసింది.

లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన నిపుణుల సంఘం 2024లో ఇచ్చిన నివేదికలో మార్చుకోదగిన కారణాలు 14 అని లెక్కగట్టింది. వాటన్నిటినీ సరిచేయగలిగితే ప్రపంచంలోని డిమెన్షియా కేసుల్లో సుమారు 45 శాతాన్ని నివారించడమో, వాయిదా వేయడమో సాధ్యమని చెప్పింది. ఇదే సంఘం 2017లో తొమ్మిది కారణాలే చెప్పింది, 2020లో పన్నెండు అంది. కొత్తగా చేరినవి చెడు కొలెస్ట్రాల్ (ఎల్‌డీఎల్), సరిచేయించుకోని చూపు లోపం.

ఈ 45 శాతాన్ని సరిగ్గా అర్థం చేసుకోవాలి. అది మొత్తం జనాభాకు సంబంధించిన లెక్క. అన్నీ పాటించినవారికి డిమెన్షియా రాదని హామీ ఎవరూ ఇవ్వలేరు. వయసు, జన్యువులు మన చేతిలో లేవు. అందుకే జబ్బు వచ్చినవారిని చూసి "సరిగ్గా బతకలేదు కాబట్టి వచ్చింది" అని ఎప్పుడూ అనకండి. మా అమ్మ రోజూ గుడిదాకా నడిచిన మనిషి.

ఆల్జీమర్స్‌లో మెదడులో మార్పులు లక్షణాలు బయటపడటానికి పదిహేను, ఇరవై ఏళ్ల ముందే మొదలవుతాయి. డెబ్బై ఐదులో కనిపించే మరుపుకు బీజం యాభై ఐదులోనే పడి ఉండవచ్చు. అందుకే నలభై నుంచి అరవై ఐదు మధ్య ఉన్నవారిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. డెబ్బై దాటినవారికీ ఇందులో చాలా భాగం పనికొస్తుంది, కానీ మందులు, వ్యాయామం మార్చుకునే ముందు వారు డాక్టరుతో మాట్లాడాలి.

మొదటి మెట్టు: ఒక నోటుపుస్తకం, ఒక బీపీ మిషను

శరీరం బరువులో మెదడు రెండు శాతమే. అయినా మనం పీల్చే ఆక్సిజన్‌లో దాదాపు ఐదో వంతు అదే వాడుకుంటుంది. ఆ ఆక్సిజన్ వెంట్రుక కన్నా సన్నని రక్తనాళాల గుండా చేరాలి. బీపీ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే ఆ సన్ననాళాలు గట్టిపడతాయి, మూసుకుపోతాయి. మూతి వంకర పోదు, చేయి పడిపోదు. ఎవరికీ తెలియకుండా చిన్న చిన్న దెబ్బలు పడుతూ పోతాయి. తలనొప్పి లేదు కాబట్టి బీపీ లేదనుకోవడం మన ఇళ్లలో అతి పెద్ద పొరపాటు.

బీపీ తగ్గుతుందని రాగి కడియాలు కొనే డబ్బుతో మోచేతి పైభాగానికి కట్టే డిజిటల్ మిషను కొనండి. మణికట్టుకు కట్టేది వద్దు. పట్టీ మీ చేతి చుట్టుకొలతకు సరిపోవాలి. బిగుతైతే బీపీ ఎక్కువ చూపిస్తుంది.

కొలవడానికి ముందు అరగంటపాటు కాఫీ, టీ, సిగరెట్టు ముట్టకండి. మూత్రానికి వెళ్లి రండి. వీపు ఆనే కుర్చీలో కూర్చుని, రెండు పాదాలూ నేల మీద ఆనించి, కాలు మీద కాలు వేసుకోకుండా ఐదు నిమిషాలు ఊరికే ఉండండి. చేతిని బల్ల మీద గుండె ఎత్తులో పెట్టి, చొక్కా చేయి మీద కాకుండా ఒంటి మీదే పట్టీ కట్టండి. కొలుస్తున్నప్పుడు మాట్లాడకండి, ఫోను చూడకండి. నిమిషం ఆగి రెండోసారి కొలవండి. ఇలా ఉదయం రెండుసార్లు, రాత్రి రెండుసార్లు, వారం రోజులు. మొదటి రోజు అంకెలు వదిలేసి మిగతా వాటికి సగటు తీయండి. ఇంట్లో తీసిన సగటు 135/85 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే ఆ పుస్తకం పట్టుకుని డాక్టరు దగ్గరకు వెళ్లండి. నలభై దాటాక పై అంకెను 130 లేదా అంతకు లోపు ఉంచుకోవడం మంచిదని లాన్సెట్ సంఘం సూచన.

బీపీని గట్టిగా అదుపు చేస్తే మెదడుకు మేలు జరుగుతుందా అని అమెరికాలో తొమ్మిది వేల మందికి పైగా జనం మీద పరీక్షించి 2019లో ఫలితాలు ప్రచురించారు. పై అంకె 120 లోపు ఉండేలా మందులిచ్చినవారిలో, 140 లోపు చాలనుకున్నవారితో పోలిస్తే, డిమెన్షియాకు ముందు మెట్టు అనదగిన స్వల్ప జ్ఞాపకలోపం 19 శాతం తక్కువగా కనిపించింది. అలాగని సొంతంగా మాత్రలు పెంచుకోకూడదు. పెద్దవాళ్లకు బీపీ మరీ తగ్గితే లేచి నిలబడగానే కళ్లు తిరిగి పడిపోతారు.

అదే పుస్తకంలో షుగరు, ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్, నడుము కొలత కూడా రాసుకోండి. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష షుగరు ఉన్నవారికి తప్పనిసరి. ప్రభుత్వ పట్టణ ఆరోగ్య కేంద్రాల్లో 30 ఏళ్లు దాటినవారికి బీపీ, షుగరు ఉచితంగానే చూస్తారు. మందు రాసిచ్చాక మానేయకండి. "బీపీ సాధారణానికి వచ్చింది కదా" అని మానేసేవారే ఎక్కువ. అది సాధారణానికి వచ్చింది మందు వల్లనే.

రెండో మెట్టు: చెవులు

దీని మీద ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే అందరూ దాటేసేది ఇదే.

మా మామయ్య ముప్పై ఏళ్లకు పైగా ఇనుప రేకుల మీద సుత్తి దెబ్బల మధ్య పనిచేసి రిటైరయ్యారు. ఓడలు కట్టే, ఉక్కు వండే ఈ ఊళ్లో అలాంటివారు వీధికి నలుగురు ఉంటారు. రిటైరైన కొన్నాళ్లకు ఆయన బీచ్ రోడ్డులో స్నేహితులు కూర్చునే బల్ల దగ్గరకు వెళ్లడం మానేశారు. పెళ్లిళ్లకు రావడం తగ్గించారు. టీవీ శబ్దం పెంచుతూ పోయారు. "పిలిస్తే పలకడం లేదు, నా మీద ఏదో మనసులో పెట్టుకున్నారనుకున్నాను" అని అత్తయ్య ఒకరోజు కళ్లు తుడుచుకుంది. ఆయనను అడిగితే, "మాట వినిపిస్తుంది, కానీ ఏమన్నారో తెలియదు. ప్రతిసారీ మళ్లీ చెప్పమని ఎంతమందిని అడగను?" అన్నారు.

పెద్ద శబ్దాల వల్ల వచ్చే చెవుడు సరిగ్గా అలాగే ఉంటుంది. బొంగురు గొంతు వినిపిస్తుంది, స, ష, త, ఫ లాంటి సన్నని ధ్వనులు పోతాయి. మిగిలిన ముక్కలతో మాట పూర్తి చేసుకోవడానికి మెదడు రోజంతా కష్టపడుతుంది. అలసిపోయి మనిషి మనుషుల నుంచి తప్పుకుంటాడు. ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్‌తో పాటు వినికిడి లోపాన్నే లాన్సెట్ నివేదిక అన్నిటికన్నా బరువైన కారణాలుగా, చెరో ఏడు శాతంగా లెక్కగట్టింది.

యాభై దాటినవారు ఒకసారి వినికిడి పరీక్ష చేయించుకోవాలి. శబ్దాల మధ్య పనిచేసినవారు ఇంకా ముందే చేయించుకోవాలి. గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి, సన్నని శబ్దాలు వినిపించి గ్రాఫు గీస్తారు. నొప్పి ఉండదు. వాల్తేరు ప్రాంతంలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రికి వెళ్లవచ్చు. ముందు చెవిలో గులిమి అడ్డుపడిందేమో చూపించుకోండి. కొందరికి అది తీయగానే సగం సమస్య పోతుంది.

వినికిడి మిషను పెట్టుకోమంటే మొదటి వారంలోనే సొరుగులో పడేయకండి. మొదట ప్రతి చప్పుడూ చెవిని పొడుస్తుంది, గిన్నెల మోత భరించలేరు. ఏళ్లుగా ఆ శబ్దాలు వినని మెదడు వాటికి అలవాటు పడాలి. ఇంట్లో, ఒక్కరితో మాట్లాడుతూ, రోజుకు గంటతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోండి. రెండు మూడు వారాలకు మళ్లీ వెళ్లి శబ్దం సరిచేయించుకోండి. రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి. మన సముద్రపు తేమ ఈ మిషన్లకు శత్రువు. రాత్రి తీశాక పొడి గుడ్డతో తుడిచి, బ్యాటరీ మూత తెరిచి, తేమ పీల్చే సిలికా జెల్ ఉన్న గట్టి మూత డబ్బాలో పెట్టండి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న వృద్ధులకు కేంద్రప్రభుత్వ వయోశ్రీ పథకం కింద వినికిడి మిషన్లు, కళ్లజోళ్లు ఇస్తారు.

మిషను పెట్టుకుంటే డిమెన్షియా ఆగుతుందని తేలిందా అంటే, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. 2023లో ముగిసిన అమెరికా పరీక్షలో మొత్తం బృందంలో తేడా కనిపించలేదు. కానీ గుండెజబ్బు ముప్పు, ఇతర ప్రమాద కారణాలు ఎక్కువగా ఉన్నవారిని విడిగా చూస్తే, మూడేళ్లలో ఆలోచనాశక్తి క్షీణించే వేగం 48 శాతం తగ్గింది. మామయ్య మాత్రం మళ్లీ బీచ్ రోడ్డు బల్ల మీదికి చేరారు. ఆ ఒక్కదానికైనా మిషను కొనవచ్చని నా అభిప్రాయం.

కళ్ల సంగతి ఇంత చెప్పనవసరం లేదు. శుక్లం వస్తే ఆపరేషన్ వాయిదా వేయకండి. షుగరు ఉంటే ఏడాదికోసారి కంటి వెనక పొర చూపించుకోండి. ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి, హనుమంతవాక దగ్గర ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి మనకు అందుబాటులోనే ఉన్నాయి.

మూడో మెట్టు: నడక, దానితో పాటు కండబలం

ఆషాఢంలో సింహాచలం గిరిప్రదక్షిణకు లక్షల మంది 32 కిలోమీటర్లు నడుస్తారు. అప్పన్న కోసం ఏడాదికోసారి అంత దూరం నడవగలిగిన ఊరు మనది. ఆ మర్నాటి నుంచి కూరగాయలకు కూడా స్కూటరు తీస్తాం. మెదడుకు కావలసింది మిగతా రోజుల నడక.

ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం, రెండు రోజులు కండరాలకు పని. ఓ మోస్తరు అంటే మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. బ్రిటన్‌లో 78 వేల మంది అడుగులు లెక్కపెట్టి 2022లో ప్రచురించిన పరిశీలనలో, రోజుకు 3,800 అడుగులు వేసేవారిలోనే డిమెన్షియా ముప్పు సుమారు 25 శాతం తక్కువగా కనిపించింది. 9,800 దగ్గర మేలు అన్నిటికన్నా ఎక్కువ. ఇది పరిశీలన మాత్రమే, ఆరోగ్యంగా ఉన్నవారే ఎక్కువ నడుస్తారన్న సంగతీ ఇందులో కలిసి ఉంటుంది. అయినా పదివేలు కుదరదని పూర్తిగా మానేసేవారికి ఆ చిన్న అంకె ధైర్యమిస్తుంది.

ఎలా మొదలుపెట్టాలంటే: మొదటి రెండు వారాలు రోజుకు పది నిమిషాలు, ఇంటి చుట్టూనే. తరువాత వారానికి ఐదేసి నిమిషాలు పెంచుతూ ముప్పై నుంచి నలభై దగ్గర ఆపండి. ఆపైన వేగం పెంచండి. తెల్లవారుజామున బీచ్ రోడ్డులో వాహనాలు ఆపేసే సమయంలో కోస్టల్ బ్యాటరీ వైపు నుంచి కురుసుర జలాంతర్గామి దాకా నడవడం కన్నా మంచి వ్యాయామశాల ఏ ఊళ్లోనూ దొరకదు. సముద్రానికి దూరంగా ఉంటే శివాజీ పార్కు, సెంట్రల్ పార్కు, మీ కాలనీ మైదానం. మోకాళ్ల నొప్పులున్నవారు వదులు ఇసుకలో నడవకండి. ఏప్రిల్, మే ఉక్కపోతలో ఏడు గంటలకల్లా ఇంటికి చేరండి. పోర్టు లారీలు తిరిగే దారుల్లో, జాతీయ రహదారి పక్కన నడవకండి. గాలిలోని సన్నని ధూళి కూడా ఆ 14 కారణాల్లో ఒకటి, జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమం గాలి ప్రమాణాలు అందుకోలేదని గుర్తించిన నగరాల్లో మనదీ ఉంది.

గుండెజబ్బు ఉన్నవారు, నడిస్తే ఛాతీ పట్టేసేవారు ముందు డాక్టరుకు చూపించుకోవాలి.

కండబలానికి జిమ్ అక్కర్లేదు. చేతులు లేని కుర్చీని గోడకు ఆనించి, చేతులు వాడకుండా లేచి కూర్చోండి. ఐదుసార్లతో మొదలుపెట్టి పదికి తీసుకెళ్లండి, రోజుకు రెండు దఫాలు. గోడ పట్టుకుని ఒంటికాలి మీద పది సెకన్లు నిలబడండి. రెండోది పడిపోకుండా కాపాడుతుంది. తలకు తగిలే దెబ్బ కూడా డిమెన్షియా కారణాల్లో ఒకటి. అందుకే స్నానాలగదిలో గోడకు పట్టుకునే కడ్డీ, జారని చాప, రాత్రి వెలిగే చిన్న దీపం పెట్టించండి. ద్విచక్ర వాహనం మీద నడిపేవారికీ వెనక కూర్చునేవారికీ హెల్మెట్ ఉండాలి, గడ్డం కింద పట్టీ పెట్టుకుని.

నాలుగో మెట్టు: కంచం

ఒక ఆహారం మెదడును కాపాడుతుందని ఎవరు చెప్పినా నమ్మకండి. కాపాడేది మొత్తం కంచం. మన పాతకాలపు కంచంలో చాలా భాగం మంచిదే. చెడింది అన్నం కొలత, ఉప్పు, నూనె.

అన్నం సగం తగ్గించి ఆ చోటులో కూర, పప్పు పెట్టండి. చోళ్లు, గంటెలు వారానికి నాలుగైదు పూటలు తినండి. షుగరు ఉన్నవారు పలుచని చోడి అంబలి కన్నా గట్టిగా చేసిన సంకటి, కూరతో తినడం మేలు. ఎం.వి.పి.కాలనీ, సీతమ్మధార రైతుబజార్లలో పొద్దున్నే దొరికే తోటకూర, బచ్చలి, పొన్నగంటి, మునగాకుల్లో ఒకటి రోజూ కంచంలో ఉండాలి. గుప్పెడు వేరుశనగలు, చక్కెర వేయని పెరుగు.

చేప తినేవారికి ఈ ఊరు వరం. వంజరం, చందువాలకే ఎగబడనవసరం లేదు. మెదడుకు మేలు చేసే ఒమేగా-3 కొవ్వు చవకైన కవళ్లు, కానాగంతల్లోనే దండిగా ఉంటుంది. వారానికి రెండుసార్లు పులుసుగానో, పెనం మీద కొద్ది నూనెతోనో వండండి. మూకుడులో ముంచి వేయిస్తే లాభం చాలావరకు పోతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో మరపడవల వేట నిషేధం కాబట్టి ఆ రెండు నెలలు చెరువు చేప, గుడ్డు, పప్పుతో గడపండి. ఆ లోటు ఎండుచేపతో తీర్చుకోవద్దు, అందులో ఉప్పు ఎక్కువ.

రోజుకు మొత్తం ఉప్పు ఐదు గ్రాములకు లోపు, అంటే ఒక చిన్న చెంచా. ఆవకాయ, అప్పడం, వడియం, మజ్జిగ మిరపకాయ అన్నీ అందులోనే లెక్క. నెలకు సరిపడే ఉప్పును ఇంట్లో మనిషికి 150 గ్రాముల చొప్పున తూచి విడిగా డబ్బాలో పోయండి. పదిహేనో తారీకుకే అయిపోతే ఎక్కడ పోతోందో మీకే తెలుస్తుంది. ఆవకాయ మానమని చెప్పే మనసు నాకు లేదు. మొదటి ముద్దకు చాలు, పెరుగన్నంలోకి వద్దు.

పూర్తి శాకాహారులు, ఏళ్లుగా షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతున్నవారు విటమిన్ బి12 పరీక్ష చేయించుకోవాలి. దాని లోపమే మతిమరుపు తెస్తుంది, ఇంజెక్షన్లతో, మాత్రలతో సరిచేయవచ్చు. మిగతా జ్ఞాపకశక్తి మాత్రలకు డబ్బు తగలేయకండి. అందరూ చెప్పుకునే జింకో ఆకు సారాన్ని మూడు వేల మందికి పైగా వృద్ధుల మీద ఏళ్ల తరబడి పరీక్షించి, డిమెన్షియాను తగ్గించలేదని 2008లోనే తేల్చారు.

ఐదో మెట్టు: పొగ, మద్యం

సిగరెట్టు, బీడీ, చుట్ట, అన్నీ రక్తనాళాలను పాడుచేసేవే. మన ఉత్తరాంధ్ర తీరగ్రామాల్లో పెద్దావిడలు వెలిగే కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ నోటి కాన్సరుకు పేరుపడింది, మెదడుకూ అంతే చేటు. మీ ఇంట్లో అలా కాల్చే అమ్మమ్మ ఉంటే కోప్పడకండి, పక్కన కూర్చుని మాన్పించే దారి వెతకండి. ఏ వయసులో మానినా లాభమే. మద్యం తాగనివారు ఆరోగ్యం కోసమని మొదలుపెట్టకూడదు. తాగేవారు ఎంత తగ్గిస్తే అంత మేలు. రోజూ తాగే అలవాటున్నవారు మాత్రం ఒక్కసారిగా మానితే ప్రమాదం, డాక్టరు సాయంతో మానాలి.

ఆరో మెట్టు: నిద్ర

బ్రిటన్ ప్రభుత్వోద్యోగులను దశాబ్దాల పాటు గమనించి 2021లో రాసిన పత్రంలో, యాభై, అరవై, డెబ్బై ఏళ్లలో వరుసగా ఆరు గంటలు లేదా అంతకన్నా తక్కువ నిద్రపోయినవారికి డిమెన్షియా ముప్పు 30 శాతం ఎక్కువగా ఉంది. ఏడు గంటలు లక్ష్యంగా పెట్టుకోండి. పగటి కునుకు అరగంట దాటనివ్వకండి. షిఫ్టు ఉద్యోగం చేసినవారికి రిటైరయ్యాక కూడా నిద్ర గాడిన పడదు. వారు రోజూ ఒకే సమయానికి లేవడంతో మొదలుపెట్టాలి, పడుకునే వేళ దానంతట అదే కుదురుతుంది. గురక మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తుంటే అది స్లీప్ ఆప్నియా కావచ్చు, పరీక్ష చేయించండి. నిద్రమాత్రలు, జలుబు మాత్రలు సొంతంగా నెలల తరబడి వాడకండి. కొన్ని రకాలు పెద్దవాళ్లలో జ్ఞాపకాన్ని మసకబారుస్తాయి.

ఏడో మెట్టు: మనుషులు, కష్టమైన పనులు

పిల్లలు బెంగళూరులోనో అమెరికాలోనో ఉంటారు. అపార్ట్‌మెంటులో రెండు ప్రాణాలు, ఒక టీవీ. వాట్సాప్‌లో పొద్దున్నే పూల బొమ్మలు వస్తాయి కాబట్టి ఒంటరితనం లేదనుకుంటాం. మెదడుకు కావలసింది ఎదురుగా మనిషి. అవతలివారి ముఖం చదవడం, మాట అందుకోవడం, జవాబు వెతకడం, పాత సంగతి గుర్తుచేసుకోవడం, ఇవన్నీ కబుర్లలోనే ఒకేసారి జరుగుతాయి.

"కలుద్దాం" అనుకుంటే కలవరు. వారం, వేళ, చోటు ఖాయం చేసుకోవాలి. మంగళవారం సాయంత్రం భజన, శుక్రవారం ద్వారకానగర్ పౌర గ్రంథాలయం, ఆదివారం తోడికోడలి ఇల్లు. వారంలో కనీసం మూడు, మీరు రాకపోతే ఎవరో ఒకరు ఫోను చేసి అడిగేలా ఉండాలి. భర్త పోయినవారు, భార్య పోయినవారు ఉన్న ఇళ్లలో మొదటి ఏడాది ఈ బాధ్యత చుట్టాలదే. దిగులు, ఆసక్తి చచ్చిపోవడం, ఏడుపు రెండు వారాలు దాటితే దాన్ని వయసు ఖాతాలో వేయకండి. డిప్రెషన్‌కు మందు ఉంది. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే ఫోను సేవ టెలిమానస్ నంబరు 14416కు తెలుగులోనే మాట్లాడవచ్చు. వృద్ధులకు సాయం కోసం 14567.

ఇక బుర్రకు పని. హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన ఫలితం మనం గర్వంగా చెప్పుకోవలసింది. రెండు లేదా అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవారికి జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువు రానివారిలో కూడా ఆ తేడా కనిపించింది. రైల్వే, నౌకాదళం, పోర్టు పుణ్యమా అని మన ఊళ్లో ఒడియా, హిందీ, బెంగాలీ మాట్లాడే ఇరుగుపొరుగు దొరకడం కష్టం కాదు. పక్కింటి ఒడియా పిన్నిగారితో రోజుకు పది నిమిషాలు ఆమె భాషలోనే తడబడుతూ మాట్లాడండి. ఆ తడబాటే వ్యాయామం. ఏళ్లుగా చేస్తున్న సుడోకు చేతికి అలవాటైపోయి ఉంటుంది. వీణో, కర్ణాటక సంగీతమో, కంప్యూటర్లో చిట్టా రాయడమో, కొత్తగా, కొంచెం కష్టంగా ఉండేది ఎంచుకోండి.

ఇవన్నీ ఒకేరోజు మొదలుపెడితే పదో రోజుకు అన్నీ ఆగిపోతాయి. మా ఇంట్లో మొదటి నెల బీపీ, పరీక్షలు, రెండో నెల చెవులు, నడక, మూడో నెల ఉప్పు, అన్నం, ఆపైన నిద్ర, మనుషులు అని పంచుకున్నాం. ఫిన్లాండ్‌లో 60 నుంచి 77 ఏళ్ల మధ్య ఉన్న 1,260 మందికి ఆహారం, వ్యాయామం, మెదడుకు శిక్షణ, బీపీ పర్యవేక్షణ కలిపి రెండేళ్లు అమలు చేసి, ఆలోచనాశక్తి పరీక్షల్లో మెరుగైన ఫలితం వచ్చిందని 2015లో చూపించారు. ఆ ఫలితం అన్నీ కలిపి చేసినప్పుడు వచ్చింది.

చివరి మెట్టు: ఎప్పుడు డాక్టరు దగ్గరకు వెళ్లాలి

తాళంచెవి ఎక్కడ పెట్టామో మరిచిపోయి, కాసేపటికి గుర్తు రావడం మామూలే. తాళంచెవి దేనికో తెలియకపోవడం, పది నిమిషాల్లో అదే ప్రశ్న నాలుగుసార్లు అడగడం, ఏళ్లుగా తిరిగిన మద్దిలపాలెం కూడలిలో ఎటు తిరగాలో తోచకపోవడం, డబ్బు లెక్కలు తప్పడం, చేయి తిరిగిన వంటలో వరుస తప్పడం, ఎప్పుడూ లేని అనుమానాలు, ఇవి వయసు వల్ల వచ్చేవి కావు. ఒకటి రెండు రోజుల్లో హఠాత్తుగా అయోమయం వస్తే అది వేరే అత్యవసరం, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పడిపోయిన కొన్ని వారాలకు మందకొడితనం వచ్చినా తలలో రక్తం గడ్డకట్టిందేమో చూపించాలి.

కేజీహెచ్‌లోగాని మరెక్కడైనాగాని న్యూరాలజీ, మానసిక వైద్య విభాగాల్లో దేనికైనా వెళ్లవచ్చు. థైరాయిడ్, బి12 లోపం, డిప్రెషన్, వాడుతున్న మందులు, వీటివల్ల వచ్చే మతిమరుపు చాలావరకు నయమవుతుంది కాబట్టి ముందు వాటినే చూస్తారు. వెళ్లేటప్పుడు ఇంట్లో వాడే మాత్రలన్నీ, ఆయుర్వేదం, హోమియోతో సహా, ఒక సంచిలో వేసుకెళ్లండి. ఆ మనిషితో కలిసి ఉండేవారే వెంట వెళ్లాలి. మొదటి మెట్టులో చెప్పిన నోటుపుస్తకం వెనకవైపు మీరు గమనించిన ప్రతి మార్పునూ తేదీ వేసి రాసి ఉంచండి: ఏం జరిగింది, ఎక్కడ, మళ్లీ ఎప్పుడు.

మా దగ్గర అలాంటి పుస్తకం లేదు. "ఇది ఎప్పుడు మొదలైంది?" అని డాక్టరుగారు అడిగినప్పుడు నేను పోపుల డబ్బా సంగతి చెప్పాను. అక్క, అంతకు ముందు ఏడాదే పెళ్లిలో అమ్మ తన పేరు మరిచిపోయి పిన్ని పేరుతో పిలిచిందంది. తమ్ముడు ఇంకా వెనక్కి వెళ్లి, బ్యాంకు ఫారంలో అమ్మ సంతకం సగంలో ఆగిన రోజు చెప్పాడు. అమ్మ మా ముగ్గురి ముఖాలూ మార్చి మార్చి చూస్తూ కూర్చుంది. డాక్టరుగారు మూడు సంవత్సరాలూ రాసుకుని, అన్నిటికన్నా పాతదాని కింద గీత గీశారు.